నికాహ్‌నామా తర్వాత దాచుకోవలసిన కాగితాలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 

మేము వకీళ్లం కాము. ముప్పై ఏళ్లుగా కర్నూలులో సాంఘికశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయులం. పౌరసత్వం పాఠం ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. పౌరుడంటే ఎవరు, హక్కులేమిటి, బాధ్యతలేమిటి అని బోర్డు మీద రాస్తాం, పిల్లలు నోటుపుస్తకంలో ఎక్కించుకుంటారు, పరీక్షలో నాలుగు మార్కులు వస్తాయి. ఆ పాఠం మాకే సరిగా రాదని మా దగ్గర చదివిన ఒక అమ్మాయి వల్ల తెలిసింది. ఈ రోజు సరిహద్దు దాటిన పెళ్లిళ్ల గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నది ఆ అమ్మాయి కోసమే.

ఆ పిల్ల ఈ ఊళ్లోనే పుట్టింది. పదో తరగతిలో మా బడికి మంచి పేరు తెచ్చింది. దాదీతో కలిసి ఉమ్రాకు వెళ్లాలని పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసింది. విచారణలో మొదటి ప్రశ్న తల్లి గురించి వచ్చింది. తల్లిది కరాచీ. మేనరికపు సంబంధం. నికాహ్ అయ్యాక వీసా మీద వచ్చి ఇక్కడే కాపురం చేస్తోంది. వీసాను ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ వచ్చారు, ఒక్కసారి తప్ప. ఆ సంవత్సరం మామగారు మంచాన పడ్డారు, భర్త దుకాణం మూతపడింది, ఈమె నిండు గర్భిణి. ఎనిమిది నెలలు వీసా గడువు దాటిపోయింది. తర్వాత జరిమానా కట్టి సరిచేసుకున్నారు. అయితే అమ్మాయి పుట్టింది ఆ ఎనిమిది నెలల్లోనే.

ఆ తండ్రి స్టడీ సర్టిఫికెట్ కోసం మా దగ్గరకు వచ్చి, “టీచరమ్మా, నేను ఇండియావాణ్ణే, మా నాన్న ఇండియావాడే, మా తాత సమాధి ఈ ఊరి ఖబరస్తాన్‌లోనే ఉంది. నా బిడ్డ ఈ దేశపు పిల్ల అవునా కాదా అని అడుగుతున్నారు” అన్నాడు. అవుననే చెప్పాం. ఇంటికి వెళ్లి చట్టం తీసి చూస్తే మా మాట అంత తేలిక కాదని తెలిసింది.

1955 నాటి పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు ఈ దేశంలో పుట్టినవారు, విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్దిమంది తప్ప, పుట్టుకతోనే పౌరులు. 1987 జూలై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవారికి నిబంధన ఇంకా బిగిసింది. తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు బిడ్డ పుట్టిననాటికి అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అక్రమ వలసదారు అంటే రాత్రిపూట కంచె దాటి వచ్చినవాడనే మనం అనుకుంటాం. చట్టంలో అర్థం అంతకంటే విశాలం. సరైన పాస్‌పోర్టుతో, సరైన వీసాతో వచ్చి, గడువు దాటాక ఉండిపోయినవారు కూడా ఆ మాట కిందకే వస్తారు.

ఒక తల్లి వీసా మీద ఉన్న తేదీ కడుపులో ఉన్న బిడ్డ పౌరసత్వాన్ని తేలుస్తుందని మనలో ఎంతమందికి తెలుసు? మాకూ తెలియదు. జరిమానా కట్టాక అంతా సరిపోయిందని ఆ కుటుంబం పదహారేళ్లు నిశ్చింతగా ఉంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. నికాహ్ వల్ల భార్యాభర్తలవుతారు. పౌరసత్వం దానంతట అది రాదు. భారత పౌరుణ్ణి పెళ్లాడిన విదేశీ భార్యకైనా, మన అమ్మాయిని చేసుకున్న విదేశీ భర్తకైనా నియమం ఒకటే. చట్టం ఐదో సెక్షన్‌లో దీనికి దారి ఉంది. ఏడేళ్లు ఇక్కడ నివసించాక నమోదు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ దారి మతాన్ని అడగదు. 2019 నాటి సవరణ వేరు, ఇది వేరు. రెంటినీ కలిపి భయపడి దరఖాస్తే చేయనివారిని మేము చూశాం. అలా చేయకండి.

ఏడేళ్లంటే ఎలా లెక్కిస్తారో కూడా తెలియాలి. దరఖాస్తుకు ముందు 12 నెలలు విడవకుండా ఇక్కడే ఉండాలి. అంతకు ముందు ఎనిమిదేళ్లలో కలిపి కనీసం ఆరేళ్లు ఉండాలి. ఆ చివరి 12 నెలల్లో ప్రత్యేక కారణాలుంటే కేంద్ర ప్రభుత్వం 30 రోజుల వరకు సడలించవచ్చు. పుట్టింట్లో తమ్ముడి పెళ్లి అని చివరి సంవత్సరంలో మూడు నెలలు వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది. వెళ్లవద్దని మేము అనం. ఏ కోడలికైనా పుట్టింటి మీద మనసు ఉంటుంది. ఏ సంవత్సరం వెళ్లాలో ఇంట్లో కూర్చుని లెక్క చూసుకోమంటున్నాం. గడువు దాటి ఉన్నవారికి ఈ దారి మూసుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఏడేళ్లు నిండేదాకా సక్రమంగా ఉండటం ఎలా? మన పౌరుల జీవిత భాగస్వాములకు ఎంట్రీ వీసా ఇస్తారు. దాన్ని ఎక్స్ వీసా అంటారు. టూరిస్టు వీసా మీద వచ్చి కాపురం పెట్టేయకూడదు. వీసా 180 రోజులకు మించినదైతే వచ్చిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. పాకిస్తాన్ నుంచి వచ్చినవారికి ఆ గడువు 24 గంటలే. హైదరాబాద్‌లో ఎఫ్.ఆర్.ఆర్.ఓ. కార్యాలయం ఉంది. జిల్లాల్లో ఆ పని ఎస్పీ కార్యాలయం చూస్తుంది. ఇంట్లో విదేశీయుల్ని ఉంచుకున్నవారు 24 గంటల్లో ఆ వివరాలు అధికారులకు ఇవ్వాలి. అది హోటళ్లకే అనుకుంటాం, ఇళ్లకు కూడా వర్తిస్తుంది. విదేశీయుల మీదున్న పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఇదివరకు ఎవరో ఇలా చేశారట అని పాత మాటలు నమ్ముకోవద్దు. ఇప్పటి నియమం ఏమిటో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక గల్ఫ్ సంగతి. మన రాయలసీమ నుంచి కువైట్‌కు వెళ్లనివారి వీధి లేదు. అక్కడ పనిచేసే చోట పరిచయమై ఇతర దేశాలవారిని నికాహ్ చేసుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా పిల్లల దగ్గర వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక దాదీ ఆరేళ్ల మనవణ్ణి బడిలో చేర్చడానికి తీసుకొచ్చింది. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. కోడలు శ్రీలంక ముస్లిం, అక్కడే ఇంటి పనిలో ఉంది. ఇద్దరూ పనికి పోతే పిల్లవాణ్ణి చూసేవారు లేక దాదీ దగ్గరకు పంపారు. పిల్లవాడు మన మాటే మాట్లాడుతున్నాడు, దాదీ కొంగు వదలడం లేదు. కాగితాలు అడిగితే అరబ్బీలో ఉన్న జనన పత్రం ఒకటి, శ్రీలంక పాస్‌పోర్టు ఒకటి ఇచ్చింది. ప్రయాణానికి ఏదో ఒక పాస్‌పోర్టు కావాలి కనుక తల్లి తరఫున అది తీయించారు. “నా కొడుకు కొడుకు మన దేశం వాడు కాడా టీచరమ్మా?” అని ఆ దాదీ అడిగింది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. చట్టం దృష్టిలో ఆ పిల్లవాడు వీసా మీద వచ్చిన విదేశీయుడు. వీసా గడువు ఇంకో నెలలో ముగుస్తోంది.

విదేశంలో పుట్టిన బిడ్డకు నాలుగో సెక్షన్ వర్తిస్తుంది. 1992 డిసెంబర్ 10కి ముందు పుట్టినవారికి తండ్రి ద్వారానే పౌరసత్వం వచ్చేది. ఆ తర్వాత తల్లి ద్వారా కూడా వస్తోంది. 2004 డిసెంబర్ 3 నుంచి ఒక షరతు చేరింది. బిడ్డ పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అలా నమోదైన బిడ్డకు తల్లి దేశపు పౌరసత్వం కూడా ఉంటే, 18 ఏళ్లు నిండిన ఆరు నెలల్లోగా ఆ పౌరసత్వాన్ని వదులుకోవాలి. లేకపోతే మన పౌరసత్వం పోతుంది. ఎందుకంటే మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు.

ఆ డ్రైవరుకు ఈ ఏడాది సంగతి తెలిసి ఉంటే సెలవు రోజు ఒక పూట కేటాయించి రాయబార కార్యాలయానికి వెళ్లేవాడు. తెలియలేదు. చివరకు తెలిసిన వకీలు ద్వారా ముందు వీసా పొడిగించారు. ఆ తర్వాత ఓ.సి.ఐ. కార్డుకు దరఖాస్తు చేశారు. తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైన మైనరు బిడ్డకు ఆ కార్డు ఇస్తారు. పిల్లవాడు ఇప్పుడు బడికి వస్తున్నాడు, అల్‌హందులిల్లాహ్.

ఓ.సి.ఐ. గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. పేరులో పౌరసత్వం అన్న మాట ఉంది కాని అది పౌరసత్వం కాదు. జీవితాంతం పనికివచ్చే వీసా అనుకోండి. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ తర్వాత నీట్, జేఈఈ వంటి పరీక్షల ద్వారా ఎన్.ఆర్.ఐ. సీట్లకే పోటీ పడాలి. డాక్టరు చదివించాలనుకునే తల్లిదండ్రులు ఈ తేడా ముందే గ్రహించాలి. భారత పౌరుల విదేశీ భార్యకో భర్తకో ఆ కార్డు కావాలంటే పెళ్లి రిజిస్టరై, రెండేళ్లు ఆ కాపురం సాగి ఉండాలి. తలాఖ్ జరిగితే, లేదా కార్డు పొందినవారు ఆ పెళ్లి ఉండగానే ఇంకొకరిని చేసుకుంటే కార్డును రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు, ఎప్పుడైనా ఆ పౌరులుగా ఉన్నవారికి, అలాంటివారి పిల్లలకు ఈ కార్డు రాదు.

మరి పాకిస్తాన్ సంబంధాల సంగతి? 1947, 1948 తర్వాత హైదరాబాద్ రాజ్యం నుంచి వెళ్లినవారు కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే కట్టుకున్నారు. అన్నదమ్ములు అటూ ఇటూ అయ్యారు. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటే రక్తసంబంధం తెగదని పెద్దలు అనుకున్నారు. మాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన స్నేహితురాలు అలాగే కరాచీకి కోడలిగా వెళ్లింది. అక్కడి పౌరసత్వం తీసుకుంది. తీసుకున్న క్షణాన, తొమ్మిదో సెక్షన్ ప్రకారం, ఇక్కడి పౌరసత్వం పోయింది. భర్త చనిపోయాక, పిల్లలు లేక, తిరిగి వచ్చింది. తాను పుట్టిన వీధిలో ఉండటానికి ఆమెకు వీసా కావలసి వచ్చింది. తాను నడిచి బడికి వచ్చిన దారిలోనే ఉన్న పోలీసు కార్యాలయంలో విదేశీయురాలిగా పేరు రాయించుకుంది. “పుట్టింటికి చుట్టపుచూపుగా రావడం విన్నాను గాని, వీసా మీద రావడం వినలేదే” అని నవ్వింది. ఆ నవ్వు చూసి మాకు ఏడుపొచ్చింది.

అలాంటివారికి చట్టంలో దారి లేకపోలేదు. దీర్ఘకాలిక వీసా అని ఒకటి ఉంది. భారత పౌరుణ్ణి పెళ్లాడి ఇక్కడ కాపురం చేస్తున్న పాకిస్తానీ స్త్రీకి అది ఇస్తారు. అక్కడికి కోడలిగా వెళ్లి, వితంతువై లేదా తలాఖ్ అయి, అక్కడ ఆదుకునే మగదిక్కు లేక తిరిగివచ్చిన మన ఆడబిడ్డకు కూడా ఇస్తారు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు అమాయకుల్ని పొట్టనబెట్టుకున్న తర్వాత ప్రభుత్వం పాకిస్తానీయుల వీసాలు రద్దు చేసింది. దీర్ఘకాలిక వీసా ఉన్నవారిని మినహాయించింది. స్వల్పకాలిక వీసా మీద వచ్చి, తర్వాత చూద్దాంలే అని ఆగినవారిలో కొందరు పిల్లల్ని వదిలి అట్టారీ దారి పట్టవలసి వచ్చింది. దేశ భద్రత కోసం ప్రభుత్వం నిర్ణయాలు తీసుకుంటుంది. అది దాని బాధ్యత. మన ఇంటి కోడలి కాగితాలు చూసుకోవడం మన బాధ్యత. ఇంకో జాగ్రత్త కూడా చెబుతాం. మన పౌరసత్వానికి దరఖాస్తు చేసినవారు, పాత పౌరసత్వం వదిలిన రుజువు తెమ్మని ఇక్కడి ప్రభుత్వం లిఖితపూర్వకంగా అడిగేదాకా దాన్ని వదలకండి. రెండు ఒడ్లకూ అందకుండా నడిమధ్యన చిక్కుకోవద్దు.

మన అమ్మాయిల్ని బయటికి ఇచ్చే సందర్భం ఇంకొకటి. 1991లో పదేళ్ల హైదరాబాద్ పాపను అరవై ఏళ్ల సౌదీ పౌరుడు పెళ్లి పేరుతో తీసుకుపోతుంటే, విమానంలో ఎయిర్‌హోస్టెస్ ఆ ఏడుపు విని ఆపించింది. ఆనాడు మనమంతా సిగ్గుతో తలవంచుకున్నాం. 2017లో హైదరాబాద్ పోలీసులు మళ్లీ షేకుల్నీ, వారికి తోడ్పడిన ఖాజీల్నీ పట్టుకున్నారంటే ఆ పాఠం మనకు పూర్తిగా రాలేదన్నమాట. ఇక్కడ నివాస నియమం ఎలా పనిచేస్తుందో చూడండి. సౌదీ పౌరుడు విదేశీ స్త్రీని పెళ్లాడాలంటే తన ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి లేని పెళ్లిని అక్కడ నమోదు చేయరు. నమోదు కాకపోతే భార్యగా అకామా రాదు. అకామా లేకుండా అక్కడ భార్యగా కాపురం చేయడం కుదరదు. అంటే అనుమతి పత్రం చూపించలేని వరుడు, అమ్మాయిని భార్యగా తీసుకువెళ్లే ఉద్దేశం లేనివాడే. ఆ ఒక్క కాగితం అడిగి ఉంటే ఎన్నో జీవితాలు నిలబడేవి.

అమెరికా సంబంధమైనా అడగవలసినది అడగాలి. వరుడు అక్కడి పౌరుడా, గ్రీన్‌కార్డు ఉన్నవాడా, ఉద్యోగ వీసా మీదున్నాడా? మూడింటికీ భార్య పరిస్థితి మూడు రకాలు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ల షరతు కార్డు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతు తొలగించమని దరఖాస్తు చేయాలి. భర్త సంతకం పెట్టనని బెదిరిస్తే అమ్మాయి భయపడి హింసను భరించనక్కర్లేదు. హింస జరిగినా, విడాకులైనా ఆమె ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది. ఈ మాట విమానం ఎక్కే ముందే బిడ్డ చెవిలో వేయండి.

ఇన్ని నియమాలు గుర్తుంచుకోవడం ఎలా అంటారేమో. మూడు పనులు చేస్తే చాలావరకు గట్టెక్కుతాం.

మొదటిది, ప్రతి నికాహ్‌నూ రిజిస్టర్ చేయించాలి. 2002 నుంచే మన రాష్ట్రంలో దీనికి చట్టం ఉంది. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాలవారికీ ఇది తప్పనిసరి చేయాలని చెప్పింది. ఖాజీ గారి పత్రం దీన్‌కు సరిపోతుంది, వీసా అధికారికి రిజిస్ట్రారు పత్రం కూడా కావాలి. ఆధార్‌లో ‘బీ’ అని, నికాహ్‌నామాలో ‘బేగం’ అని, పాస్‌పోర్టులో రెండూ లేకుండా రాయిస్తే అక్కడే చిక్కు మొదలవుతుంది. అన్నింట్లో ఒకే పేరు, ఒకే అక్షరాలు ఉండాలి.

రెండోది, ఇంట్లో ఒక ఫైలు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ప్రతి పొడిగింపు రశీదు, పిల్లల జనన పత్రాలు అందులో ఉండాలి. గోడ మీద క్యాలెండరులో వీసా గడువు ముగిసే తేదీకి మూడు నెలల ముందే ఎర్ర సిరాతో సున్నా చుట్టండి.

మూడోది మన సంఘానికి మనవి. ఏటా పేద అమ్మాయిల పెళ్లిళ్లకు మనం సాయం చేస్తున్నాం, అల్లాహ్ స్వీకరించుగాక. నెలకు ఒక ఆదివారం ఒక వకీలు సాహెబును, ఇద్దరు చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కాగితాలు చూపించుకునే ఏర్పాటు చేయండి. రాసిపెట్టడానికి ఉపాధ్యాయులం మేము వస్తాం.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలు రాసిపెట్టుకోవడం గురించే అని ఇక్కడున్న మౌలానాలు మనకు ఎన్నోసార్లు చెప్పారు. అప్పునే రాసుకోమన్న దీన్ మనది. బిడ్డ భవిష్యత్తును నోటిమాట మీద వదిలేద్దామా?

మొదట చెప్పిన అమ్మాయి సంగతి అడుగుతారని తెలుసు. ఐదో సెక్షన్‌లోనే, ప్రత్యేక పరిస్థితులుంటే ఏ మైనరునైనా పౌరురాలిగా నమోదు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. దాని కింద దరఖాస్తు పెట్టారు. మా బడి రికార్డులన్నీ జతచేసి ఇచ్చాం. ఆమెకు 18 నిండటానికి ఇంకా ఏడు నెలలుంది. ఇంటర్ చదువుతోంది. మొన్న కలిసినప్పుడు, “టీచర్, పౌరసత్వం పాఠం నాకు మళ్లీ ఒకసారి చెప్పరా?” అని అడిగింది. చెబుతామన్నాం. ఈసారి సరిగా చెప్పాలని ఉంది.

ఆ ఏడు నెలల్లో ఆమె పని జరగాలని మీరందరూ దువా చేయండి. ఆమీన్.